కప్పు పిడిలోని సందు: ఫోటోలో ఆకారం, ఖాళీ గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మైదానంలో ఒంటరిగా నిలబడ్డ చెట్టును ఫ్రేమ్‌లో కింద కుడి మూలకు పెట్టి, మిగతాదంతా ఆకాశానికి వదిలేశారు. చూసినవాళ్లు "బోసిగా ఉంది" అని పెదవి విరిచారు. నెగటివ్ స్పేస్ (సబ్జెక్ట్ చుట్టూ వదిలే ఖాళీ) అంటే ఇదే కదా, మరి తేడా ఎక్కడ కొట్టింది, ఆకారాలను పట్టుకునే చూపు ఎలా అలవాటవుతుంది, అన్నీ సిల్హౌట్లే (వెనక వెలుగులో ఉత్త నల్లటి ఆకారాలే) తీయాలా, దీనికోసం వేరే లెన్స్ కొనాలా అని అడిగారు.

లెన్స్ సంగతి ముందే తేల్చేస్తాను. అక్కర్లేదు. చేతిలో ఏ కెమెరా ఉంటే అది, ఫోన్ అయినా సరే. ఇక తేడా సంగతి. మీ ఫోటోలో ఆకాశం మిగిలిపోయింది, మీరు దాన్ని మిగల్చలేదు. చెట్టును ఎక్కడ పెట్టాలో ఆలోచించారు, పెట్టారు, ఆ తర్వాత ఏది మిగిలితే అది ఖాళీ అయింది. పని చేసే ఖాళీ అలా రాదు. దాని ఆకారం కూడా చెట్టు ఆకారమంత శ్రద్ధగా చూసుకుంటేనే వస్తుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

చదువుతూనే ఒక పని చేయండి. పిడి ఉన్న కప్పు ఒకటి తీసుకుని కిటికీ ముందు పెట్టండి, వెలుతురు కప్పు వెనక నుంచి రావాలి. పిడి పూర్తిగా కుడివైపుకు తిరిగి ఉండాలి. గదిలో లైటు ఆర్పేస్తే కప్పు దాదాపు నల్లగా, పిడి లోపలి సందు తెల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు కప్పును మర్చిపోయి ఆ సందునే చూడండి. అర్ధచంద్రంలా ఉందా, చెవిలా ఉందా, పైన వెడల్పై కింద సన్నబడిందా? చూశాక కప్పును మెల్లగా మీ వైపుకు తిప్పుతూ పోండి. సందు ఇరుకవుతుంది, చీలిక అవుతుంది, గీత అవుతుంది, ఒకచోట మాయమైపోతుంది. పిడి ఎక్కడికీ పోలేదు, కప్పు ముందుకొచ్చి దానిలో కలిసిపోయింది. ఇప్పుడు మీ ముందున్నది గ్లాసో, డబ్బానో, పూలకుండీనో ఎవరూ చెప్పలేరు. దాన్ని ఇంతసేపూ కప్పుగా నిలబెట్టింది ఆ వేలెడు వెలుతురు.

నెగటివ్ స్పేస్ అన్న పేరే కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఏదో లేదు అన్నట్టు వినిపిస్తుంది. నేర్పేటప్పుడు నేను ఆ మాట వాడను, "సందు" అంటాను. సందు అన్నాక ఇటూ అటూ గోడలుండాలి కదా. ఆకాశం దానంతట అది సందు కాదు. కొమ్మకూ కొమ్మకూ మధ్య చిక్కిన ఆకాశం సందు. చివరి కొమ్మకూ ఫ్రేమ్ అంచుకూ మధ్యది కూడా సందే. కొత్తవాళ్లు మరిచేది ఈ రెండోదే. ఫ్రేమ్ నాలుగు అంచులూ నాలుగు గోడలు. మీ సబ్జెక్ట్ ఆ గోడలకు ఎంత దూరంలో, ఏ కోణంలో నిలబడిందో దాన్ని బట్టి ఖాళీలకు ఆకారం వస్తుంది.

కళ్లు ఈ పని తమంతట తాము ఎందుకు చేయవో చెప్పడానికి ఒక పాత బొమ్మ ఉంది, మీరూ చూసే ఉంటారు. డెన్మార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గార్ రూబిన్ 1915లో తన పరిశోధనలో వాడినది. ఒకసారి చూస్తే పూలకూజా, ఇంకోసారి చూస్తే ఎదురెదురుగా రెండు ముఖాలు. రెండూ ఒకేసారి కనిపించవు. కారణం ఏమిటంటే, మధ్యలో ఉన్న గీతను మన చూపు ఎప్పుడూ ఒక వైపుకే రాసిచ్చేస్తుంది. కూజా కనిపిస్తున్నంతసేపూ ఆ గీత కూజాదే, అటువైపున్నది ఉత్త వెనక పరదా, కూజా వెనక నుంచి ఇంకా సాగిపోతున్నట్టే అనిపిస్తుంది. ఫోటో తీసేటప్పుడు జరిగేదీ ఇదే. చెట్టు అంచు చెట్టుకే రాసిచ్చేస్తాం, ఆకాశానికి అంచే లేదనుకుంటాం. ఆ గీతను కాసేపు అటువైపు వాళ్లకు అప్పివ్వడమే ఈ విద్య.

మనం రోజూ రాసే అక్షరాల్లో కూడా ఇది ఉంది. సున్నా రాసినప్పుడు గీసేది గీతే, కానీ కంటికి తగిలేది లోపలి గుండ్రటి ఖాళీ. 'ర' పొట్టలో ఒక చుక్క పెడితే 'ఠ' అయిపోతుంది. చుక్క ఎంతని? కానీ అది సరిగ్గా ఆ ఖాళీ నడుమ పడింది కాబట్టి అక్షరమే మారింది. అదే చుక్క అక్షరం పక్కన పడితే సిరా మరక. మీ మైదానంలో చెట్టు ఇప్పుడు ఏ రకం చుక్కో కాసేపట్లో చూద్దాం.

ముందు ఆకారానికీ ఘనరూపానికీ తేడా తెలియాలి, ఎందుకంటే వెలుగును ఎటు నుంచి తీసుకోవాలో అదే చెబుతుంది. ఆకారం అంటే కాగితం కత్తిరించినట్టు కనిపించే చుట్టుగీత. ఘనరూపం అంటే ఆ వస్తువు గుండ్రనా, బోలా, మందమా అన్నది. పక్క నుంచి వచ్చే వెలుగు ఒక వైపు మెరుపు, ఇంకోవైపు నీడ ఇచ్చి ఘనరూపాన్ని చూపిస్తుంది. వెనక నుంచి వచ్చే వెలుగు అదంతా తుడిచేసి ఆకారాన్ని మాత్రమే మిగులుస్తుంది. బంతికి పక్క వెలుగు పెడితే బంతి, వెనక వెలుగు పెడితే పళ్లెం. ఎదురుగా కెమెరా మీదున్న ఫ్లాష్ మాత్రం రెండింటికీ కొరగాదు, దాని గురించి ఇక్కడ ఇంకేం చెప్పను.

ఫోటోగ్రఫీ పుట్టినప్పటి నుంచీ ఈ ఉత్త ఆకారం దానికి తోడుగానే ఉంది. ఆన్నా ఆట్కిన్స్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త 1843 నుంచి నీటినాచు మొక్కలను సయనోటైప్ కాగితం మీద నేరుగా పరిచి ఎండలో పెట్టి ముద్రలు తీశారు. కెమెరా లేదు, లెన్స్ లేదు. ఎండ తగిలిన చోటల్లా ముదురు నీలం, మొక్క అడ్డుపడిన చోట తెలుపు. ఆ ముద్రల్లో మొక్క ఎంత ఉందో నీలం అంత ఉంది, ఒకటి లేకుండా ఇంకోటి చదవలేం. సిల్హౌట్ అన్న మాట అంతకన్నా పాతది. 1759లో ఫ్రాన్స్ ఆర్థికమంత్రిగా కొన్ని నెలలు పనిచేసిన ఎతియెన్ ద సిలూయెట్ పొదుపు చర్యలను వెక్కిరిస్తూ, చవగ్గా అయిపోయే నల్ల కాగితపు ముఖచిత్రాలకు ఆయన పేరు తగిలించారని చెబుతారు. చవకదన్న పేరు దానికి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సూర్యాస్తమయం ముందు ఎవర్నో నిలబెట్టి నల్లగా తీసేస్తే అయిపోయిందనుకునేవాళ్లు ఎందరో.

నేనూ అలాగే అనుకునేవాణ్ని. చాలా ఏళ్ల కిందటి మాట. సముద్రం ఒడ్డున సాయంత్రం, చేతికర్రతో నడుస్తున్న ఒక పెద్దాయన. వెనక ఆకాశం మండుతోంది. పరుగున వెళ్లి వరసగా ఇరవై దాకా తీశాను. ఇంటికి వచ్చి చూసుకుంటే ఒక్కదాంట్లోనూ కర్ర లేదు. ఉంది, కానీ ప్రతి ఫ్రేమ్‌లోనూ కాలికి అంటుకుపోయి ఉంది. చేతులు ఒంటికి అతుక్కుపోయాయి. అంతా కలిసి ఒక నల్లటి మొద్దు, దాని మీద ఒక తల. నా కళ్లకు అక్కడ కర్ర స్పష్టంగా కనిపించింది, ఎందుకంటే నాకు రెండు కళ్లున్నాయి, లోతు తెలుస్తుంది. పైగా అది గోధుమరంగు కర్ర, ఆయన తొడుక్కున్నది నీలంరంగు. కెమెరాకు ఒకటే కన్ను. సిల్హౌట్‌లో రంగు కూడా ఉండదు.

మర్నాడు అదే వేళకు వెళ్లాను. ఆయన రోజూ వస్తాడని అప్పటికి అర్థమైంది, అడిగి ఒప్పుకున్నాకే తీశాను. ఈసారి మనిషిని చూడలేదు. కర్రకూ కాలికీ మధ్య ఆకాశాన్ని చూస్తూ నిలబడ్డాను. ఆయన కర్ర ముందుకు వేస్తాడు, ఒక ముక్కోణం తెరుచుకుంటుంది. అడుగు వేస్తాడు, ముక్కోణం మూసుకుపోతుంది. మళ్లీ తెరుచుకుంటుంది. తలుపు తెరిచి మూసినట్టు. పూర్తిగా తెరుచుకునేది అడుగుకు ఒక్కసారే, అది కూడా కర్ర కొన నేలను తాకిన ఆ లిప్తపాటు. ఆ లయ పట్టుకున్నాక నాలుగే నాలుగు ఫ్రేములు తీశాను, మూడు నిలబడ్డాయి. నేను ఎదురుచూసింది మనిషి కోసం కాదు, ఆయన పక్కనున్న ఖాళీ కోసం. అప్పటి నుంచి సిల్హౌట్ తీసే ప్రతిసారీ మోచేతికీ నడుముకూ మధ్య, గదమకూ మెడకూ మధ్య, రెండు కాళ్ల మధ్య వెలుతురు ఉందా అని చూసుకుంటాను. పక్కకు తిరిగిన ముఖమైతే ముక్కు, పెదవి, గదమ మూడూ చుట్టుగీతలోకి వస్తాయి. ముప్పావు వంతు తిరిగిందంటే ముక్కు చెంపలో మునిగిపోతుంది.

ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది, ఇందులో తేలికైన భాగం. వెలుగు ఉన్న చోట, అంటే ఆకాశం మీద మీటరింగ్ చేయండి (కెమెరా వెలుగును అక్కడే కొలవాలి), సూర్యబింబాన్ని మాత్రం తప్పించండి. మనిషి ఇంకా కాస్త కనిపిస్తుంటే కాంపెన్సేషన్‌ను (ఫోటోను ముదురుగానో లేతగానో చేసే అమరికను) మైనస్ ఒకటి, మైనస్ రెండు దాకా తీసుకెళ్లండి. ఫోన్‌లో అయితే వెలుగు మీద వేలు పెట్టి నొక్కి, వెలుతురు గీతను కిందికి లాగండి. అంతే. ఒక చిక్కు మాత్రం ఉంది: చాలా ఫోన్లు హెచ్‌డీఆర్ పేరుతో నీడలను తామే తెరిచేసి మీరు కష్టపడి తెచ్చిన నలుపును బూడిద చేస్తాయి. సెట్టింగుల్లో దాన్ని ఆపగలిగితే ఆపండి, లేకపోతే తర్వాత ఎడిటింగ్‌లో నలుపును కిందికి దించాలి.

ఇక అంటుకుపోవడం, ఒరుసుకోవడం. ఈ రెండూ వేరు, రెండూ చెడ్డవే. అంటుకుపోవడం అంటే కర్ర కాలిలో కలిసిపోవడం, తల వెనక స్తంభం తలలోంచి మొలిచినట్టు కనిపించడం. ఒరుసుకోవడం ఇంకా మోసకారి: రెండు అంచులు కలవవు, విడిపోవు, ఊరికే తాకుతాయి. పక్షి ముక్కు కొన సరిగ్గా కొమ్మను తాకడం, భుజం అంచు తలుపు చట్రంతో ఒకే గీతలో పడటం. చూసేవాడి కన్ను అక్కడికే వెళ్లి చిక్కుకుంటుంది, ఎందుకో అతనికి తెలియదు, "ఏదో ఇబ్బందిగా ఉంది" అంటాడు. కలిపితే గట్టిగా కలపండి, విడదీస్తే గాలి ఆడేలా విడదీయండి.

ఆ గాలి ఎంత ఉంటే చాలో తెలియాలంటే ఆంరీ కార్తియే బ్రెసాఁ 1932లో పారిస్‌లో సాఁ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫోటో చూడండి. నీళ్లు నిలిచిన చోట ఒకాయన దూకుతున్నాడు. ముందుకు చాచిన కాలి మడమ నీటిని ఇంకా తాకలేదు. మడమకూ నీటిలో దాని ప్రతిబింబానికీ మధ్య సన్నటి సందు ఉంది. ఫోటో ప్రాణమంతా అక్కడే ఉంది. మడమ నీటిలో పడితే అది తడిసిన మనిషి ఫోటో, రెండడుగులు పైనుంటే గెంతుతున్న మనిషి ఫోటో. ఇంకో సంగతి, ఆయన దాన్ని కంచె పలకల సందులోంచి తీశాడు, తర్వాత క్రాప్ కూడా చేశాడు, అంటే అంచులు కత్తిరించాడు. క్రాప్ చేయడం పాపం అనుకునేవాళ్లకు ఈ మాట ఎప్పుడూ గుర్తుచేస్తుంటాను.

సందులను తెరవడానికి జూమ్ పనికిరాదు, కాళ్లే పనికొస్తాయి. జూమ్ తిప్పితే ముందున్నదీ వెనకున్నదీ కలిసే పెద్దవవుతాయి, ఒకదానికొకటి ఉన్న స్థానం మారదు. ఒక లెక్క చెబుతాను. మనిషి మీకు 3 మీటర్ల దూరంలో ఉన్నాడు, ఆయన తలకు సరిగ్గా వెనక, మీ నుంచి 30 మీటర్ల దూరంలో ఒక స్తంభం ఉంది. మీరు అర మీటరు పక్కకు జరిగితే తల వెనక పడే చోటు అక్కడ నాలుగున్నర మీటర్లు జరిగిపోతుంది. అంటే మీ ఒక చిన్న అడుగుతో స్తంభం మొత్తం తలను వదిలి ఎక్కడికో పోతుంది. వెనకున్నది ఎంత దూరమైతే మీ అడుగుకు అంత బలం. అందుకే ఫ్రేమ్ నచ్చకపోతే నేను ముందు ఒక బారెడు అటూ ఇటూ ఊగి చూస్తాను. దారిన పోయేవాళ్లకు పిచ్చివాడిలా కనిపిస్తానేమో, సరే.

పైకీ కిందికీ కదలడానికి ఇంకో మంచి కొలబద్ద ఉంది. చదునైన నేల మీదైనా సముద్రం దగ్గరైనా, దిగంతరేఖ దేనినైనా సరిగ్గా మీ లెన్స్ ఎత్తులోనే కోస్తుంది. కెమెరా కంటి దగ్గర పెట్టుకుని నిలబడి తీస్తే, మీ అంత ఎత్తున్న మనిషిని ఆ గీత కళ్ల దగ్గర కోస్తుంది, కాస్త పొడుగాటి మనిషినైతే మెడ దగ్గర. ఒడ్డున తీసిన ఫోటోల్లో అన్ని మెడలు ఎందుకు తెగిపడి ఉంటాయో ఇదీ కారణం. కెమెరాను నడుము ఎత్తుకు దించండి, గీత నడుము దగ్గరికి దిగుతుంది, తల, భుజాలు, చేతులు అన్నీ శుభ్రంగా ఆకాశం మీదికి వస్తాయి. నేల మీద కూర్చుంటే దాదాపు మనిషంతా ఆకాశంలోనే. ఆకారం కావాలనుకున్నప్పుడు మోకాళ్లు మురికవడానికి వెనకాడకూడదు.

వెనక భాగం చిందరవందరగా ఉండి కదిలే వీలు లేకపోతే, దాన్ని సాదాగా మార్చే ఉపాయాలు కొన్నున్నాయి. గదిలో నాకు బాగా నచ్చేది దూరం. చిన్న దీపం నుంచి వచ్చే వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. దీపం మనిషికి 1 మీటరులో, గోడకు 4 మీటర్లలో ఉంటే గోడకు అందేది పదహారో వంతు, అంటే 4 స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). మనిషికి సరిపడా ఎక్స్‌పోజర్ పెడితే మామూలు గోడ కూడా దాదాపు నల్లబడుతుంది. నల్లగుడ్డ కట్టక్కర్లేదు, మనిషిని గోడకు దూరంగా, దీపానికి దగ్గరగా జరపడమే. కిటికీలాంటి పెద్ద వెలుగు దగ్గర ఈ లెక్క అంత కచ్చితంగా పనిచేయదు కానీ దారి అదే. బయట పొగమంచు మీకు ఉచితంగా ఇదే పని చేసిపెడుతుంది, దూరంగా ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చెరిపేస్తుంది. మంచుకూ తెల్లటి ఆకాశానికీ కెమెరా మోసపోయి బూడిదరంగు ఇస్తుంది, కాబట్టి కాంపెన్సేషన్ ప్లస్ ఒకటి దాకా పెంచాలి. అలలు అడ్డుపడుతుంటే లెన్స్ ముందు 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును తగ్గించే ముదురు అద్దం) పెట్టండి, 1/30 సెకను కావలసిన చోట సుమారు 34 సెకన్లు పడుతుంది, నీళ్లు పాలమీగడలా నున్నగా మారి రాయి ఒక్కటే మిగులుతుంది. ఈ నున్నటి నీళ్ల ఫోటోలు ఈమధ్య మరీ ఎక్కువయ్యాయని నా ఫిర్యాదు. రాయి ఆకారం బాగుంటేనే ఆ కష్టానికి అర్థం.

ఇప్పుడు మీ చెట్టు. ఒక పరీక్ష చేయండి: ఫోటోను స్క్రీన్ మీద పెద్దదిగా పెట్టి, ఖాళీ ఉన్న ఎడమ సగాన్ని కాగితంతో మూసేయండి. ఫోటోకు ఏమైనా నష్టం జరిగిందా? నేను చేసి చూశాను, జరగలేదు. నిజానికి కాస్త బాగుపడింది. మూసేస్తే నష్టం లేని ఖాళీ మిగిలిపోయిన ఖాళీ. ఇదే పరీక్షను పాల్ స్ట్రాండ్ 1915లో తీసిన వాల్ స్ట్రీట్ ఫోటో మీద చేసి చూడండి. జె.పి. మోర్గాన్ బ్యాంకు భవనం గోడలో మనిషికి ఎన్నో రెట్ల ఎత్తున నల్లటి నిలువు గుంటలు, వాటి కింద వాలు ఎండలో పొడుగాటి నీడలతో నడిచిపోతున్న చిన్న చిన్న మనుషులు. ఆ నల్లటి గుంటలను చేత్తో మూస్తే మిగిలేది పనికి పోతున్న నలుగురు. చెయ్యి తీయగానే వాళ్ల మీద ఎంత బరువుందో తెలుస్తుంది. ఆ నలుపులో ఏమీ లేదు, కానీ దానికి అంచుంది, లయ ఉంది, ఒకటి తర్వాత ఒకటిగా వస్తుంది.

ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో సంగీతకారుడు ఇగోర్ స్ట్రావిన్‌స్కీని తీసిన ఫోటో కూడా ఈ వరసలోనిదే. ఫ్రేమ్‌లో చాలా భాగం, తెరిచి నిలబెట్టిన పియానో మూతే, సాదా గోడ మీద నల్లగా, స్వరలిపి గుర్తులా. మనిషి కింద ఎడమ మూలలో, తల చేతికి ఆనించుకుని. ఆ మూత కింద గోడ ఒక కచ్చితమైన కోణంలో తెగుతుంది చూడండి. మూలలో పెట్టినా ఆయన చిన్నబోలేదు, ఎందుకంటే పక్కనున్న ప్రతి ఆకారమూ ఆయన దగ్గరికే వచ్చి ఆగుతుంది. అది కూడా న్యూమన్ పెద్ద నెగటివ్ నుంచి క్రాప్ చేసి తీసిందే.

మీ ఫోటోలో మూడు సంగతులు నాకు కనిపించాయి. ఒకటి, చెట్టు కుడివైపుకు వాలి ఉంది, మీరు దాన్ని కుడి మూలకే పెట్టారు. అది ఫ్రేమ్ బయటికి చూస్తోంది, ఖాళీ అంతా దాని వీపు వెనక పడింది. చూపుకు, నడకకు, వాలుకు ఎదుట చోటు వదలమనే సలహా మీరు వినే ఉంటారు. అది చట్టమేం కాదు. వెళ్లిపోతున్న మనిషి ఒంటరితనం చూపాలంటే వీపు వెనకే ఖాళీ ఉంచాలి. కానీ అది తెలిసి చేయాలి. రెండు, కుడివైపు చివరి రెమ్మ ఫ్రేమ్ అంచును సరిగ్గా ఒరుసుకుంటోంది. మీరు తీసేటప్పుడు అది కనిపించకపోయి ఉండొచ్చు. కొన్ని కెమెరాల వ్యూఫైండర్లు అసలు ఫ్రేమ్‌లో 95 శాతం మాత్రమే చూపిస్తాయి, అంచుల్లో ఏముందో ఇంటికి వచ్చాకే తెలుస్తుంది. మూడు, దిగంతరేఖ మాను మధ్యలో పడి చెట్టును రెండు ముక్కలు చేసింది. కింది సగం గడ్డి రంగులో కలిసిపోయింది. అంటే మీ చెట్టుకు కాండమే లేదు, గాలిలో తేలే ఒక ఆకుల ముద్ద ఉంది. బోసిగా ఉంది అన్నవాళ్లు ఆకాశాన్ని తిట్టారనుకున్నారు మీరు. వాళ్లకు నచ్చనిది చెట్టు అని నా అనుమానం. ఆకారం గట్టిగా లేనప్పుడు దాని చుట్టూ ఎంత ఖాళీ పెడితే దాని బలహీనత అంత పెద్దగా కనిపిస్తుంది.

చూపు అలవాటు చేసుకోవడం గురించి. కళ్లు చికిలించి చూడటం అందరూ చెప్పేదే, పనిచేస్తుంది, వివరాలు పోయి ముద్దలు మిగులుతాయి. కెమెరా డిస్‌ప్లేను నలుపు-తెలుపులో పెట్టి రా (RAW, కెమెరా పట్టిన సమాచారమంతా దాచే ఫైల్) లో తీయడం ఇంకా మంచిది. తెర మీద రంగు ఉండదు, ఫైల్‌లో రంగు భద్రంగా ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది తలకిందులు చేయడం. పాతకాలపు పెద్ద కెమెరాల్లో వెనక గాజు పలక మీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై పడేది. కొత్తలో తల తిరిగేది. కొన్నాళ్లకు అదే వరమని తెలిసింది. తలకిందులైన చెట్టు చెట్టు కాదు, ఒక ఆకారం, దాని చుట్టూ ఇంకొన్ని ఆకారాలు. మీకు ఆ కెమెరా అక్కర్లేదు. తీసిన ఫోటోను ఫోన్‌లో తలకిందులు చేసి పది సెకన్లు చూడండి చాలు. ఏ మూల బరువెక్కువైందో వెంటనే తెలిసిపోతుంది.

నా దగ్గర నేర్చుకునేవాళ్లకు ఒక అభ్యాసం ఇస్తాను: ఒకే కుర్చీ, ముప్పై ఆరు ఫ్రేములు, ప్రతి ఫ్రేమ్‌కూ ముందు కుర్చీ సందులను పెన్సిల్‌తో కాగితం మీద గీయాలి, కుర్చీని గీయకూడదు. బొమ్మలు వేయడం నేర్పేవాళ్లు కూడా ఎప్పటి నుంచో చేయించే పనే ఇది. పదో ఫ్రేమ్‌కల్లా విసుగొస్తుంది. ఒకమ్మాయి పన్నెండు తీసి "కుర్చీలో ఇంకేమీ లేదు సార్" అని కెమెరా కింద పెట్టేసింది. నిజంగానే నేల మీద పెట్టింది. అక్కడి నుంచి తెరలోకి చూస్తే నాలుగు కాళ్లు, వాటిని కలిపే అడ్డకర్రలు, వెనక తెల్లగోడ. దగ్గరి కాళ్ల మధ్య పెద్ద నలుచదరం, దాని లోపల దూరపు కాళ్లు చేసిన చిన్న నలుచదరం, అడ్డకర్ర కింద ఒక సన్నటి బద్ద. కెమెరాను అంగుళం పక్కకు జరిపితే చిన్న నలుచదరం పెద్దదాని అంచును దాటి రెండుగా చీలింది, కొత్తగా ఒక ముక్కోణం పుట్టింది. ఆ రోజు మిగతా ఇరవై నాలుగూ ఆమె నేల మీద పడుకునే తీసింది. ఆ ఫోటోల్లో కుర్చీ అని పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టేది.

అన్నట్టు ఫ్రేమ్ పొడవు వెడల్పుల నిష్పత్తి కూడా మార్చి చూడండి. 3:2లో బాగున్న ఖాళీ చతురస్రంలో ఊపిరాడక పోవచ్చు. గోడ జరిగితే గది మారినట్టే కదా.

సాదా ఖాళీలు ఎక్కువగా తీసేవాళ్లకు మాత్రమే ఎదురయ్యే తలనొప్పులు రెండున్నాయి, ముందే చెప్పి పెడతాను. సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద దుమ్ము, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/16 లాంటి చిన్న కొలతకు పెట్టినప్పుడు, సాదా ఆకాశం మీద మచ్చలుగా తేలుతుంది. చిందరవందర ఫోటోలో ఎవరికీ కనిపించదు, మీ ఆకాశంలో మాత్రం కాకుల్లా వాలుతుంది. తీయబోయే ముందు తెల్లగోడను ఒకసారి ఫోకస్ తప్పించి తీసి చూసుకోండి. రెండోది మెట్లు. 8 బిట్ జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, నీలం నుంచి తెలుపుకు మెల్లగా మారే ఆకాశాన్ని ఎడిటింగ్‌లో సాగదీస్తే చారలు పడతాయి. రాలో తీసి 16 బిట్‌లో పనిచేసి, చివర్లో కాస్త గ్రెయిన్ (సన్నటి ఇసుకలాంటి చుక్కలు) కలిపితే చారలు కనిపించవు. ఇంకా వీలైతే అలాంటి ఫోటోను కాగితం మీద వేయించుకుని చూడండి. ఫోన్ తెర మీద బొటనవేలంత బొమ్మలో చిన్న సబ్జెక్ట్ చీమ అయిపోతుంది, చూసేవాళ్లు దాటేసి వెళ్లిపోతారు. ఈ రకం ఫోటోలకు మెప్పు తక్కువ రావడానికి సగం కారణం అదేనని నా నమ్మకం.

అన్నీ సిల్హౌట్లే తీయాలా అన్నారు కదా, అక్కర్లేదు. సిల్హౌట్ అభ్యాసానికి మంచిది, ఎందుకంటే తప్పు దాచుకోవడానికి వీలుండదు. సందులు చూడటం అలవాటయ్యాక పక్క వెలుగులో, రంగులో, గుంపులో కూడా అవే కనిపిస్తాయి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల ముఖాల మధ్య ఎడం చూస్తారు, ఆ ఎడం దగ్గరయ్యేదాకా, లేదా దూరమయ్యేదాకా ఆగుతారు.

ఆ చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఈసారి మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను నేలకు దగ్గరగా దించండి, కాండం దాదాపు మొత్తం గడ్డి పైకి, ఆకాశంలోకి వస్తుంది. చెట్టును ఫ్రేమ్‌లో ఎడమవైపుకు జరపండి, దాని వాలుకు ఎదుట చోటు దొరుకుతుంది. చివరి రెమ్మకూ కుడి అంచుకూ మధ్య ఆకాశం ఎంత వదలాలో కొలతలు చెప్పను. కుడివైపు వంగిన పెద్ద కొమ్మ కింద, కాండానికీ నేలకూ మధ్య ఒక ఆకాశం ముక్క చిక్కుతుంది, మీ పాత ఫోటోలో అది గడ్డిలో కలిసిపోయింది. షట్టర్ నొక్కే ముందు ఆ ముక్క ఒక్కదాన్ని కాగితం మీద గీయండి. గీయలేకపోతే ఇంకో అడుగు పక్కకు వేయండి. గీయగలిగితే ఆ గీత, ఫోటో రెండూ నాకు చూపించండి.